ట్రేలో బొద్దింకకు కాళ్ళెన్ని?

"మేడమ్, దీనికి కీ ఎప్పుడిస్తారండీ?"

ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. వాడి ముందు ట్రేలో రొయ్య ఉంది. చేతిలో నేను రాసిచ్చిన వర్క్‌షీటు ఉంది. అందులో చెప్పింది ఒకటే పని. రొయ్యను అటూ ఇటూ తిప్పి చూడు, చూసింది గీయి, గీసినదాని పక్కన రెండు ముక్కలు రాయి. దానికి జవాబుల కీ ఏమిటి, నా తలకాయ!

"కీ నీ ముందే పడుకుని ఉంది బాబూ. దానికి మీసాలు కూడా ఉన్నాయి, చూడు," అన్నాను.

వాడు రొయ్య వంక చూడలేదు. నా వంక జాలిగా చూశాడు.

ఇది తొంభై ఎనిమిదిలో మాట. అప్పుడు నేను పటమటలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. పిల్లలు ఎదురుగా ఉంటే మెహరాజ్ మేడమ్ అనేవాళ్ళు, గది దాటితే మిరపకాయ మేడమ్ అనేవాళ్ళు. రెండూ నాకు వినబడేవి. సీనియర్ ఇంటర్ బైపీసీ, తెలుగు మీడియం, ఏ, బీ అని రెండు సెక్షన్లు. అందరికీ కావలసింది ఎంసెట్‌లో మెడిసిన్ సీటు. ఎంసెట్ అంటే బిట్లు. ఒక ప్రశ్న, దాని కింద నాలుగు జవాబులు, వాటిలో ఒకదాని అంకె పెట్టాలి. పిల్లలు పొద్దున్నే లేచి బిట్లు నమిలేవాళ్ళు, మధ్యాహ్నం అన్నంలో బిట్లు కలుపుకుని తినేవాళ్ళు.

బిట్లకు మా కాలేజీలో పెట్టింది పేరు బోటనీ చెప్పే బసవయ్య గారు. ఆయన బోటనీ, జువాలజీ కలిపి తయారుచేసిన బిట్ బ్యాంకు ఇటుకంత లావుండేది. మంచి మనిషే, పాపం, కాదనను. జ్వరం వచ్చినా సెలవు పెట్టేవాడు కాదు. కానీ ఆయన పద్ధతి చూస్తే నాకు తల తిరిగిపోయేది. ఆయన ప్రశ్నలో మొదటి రెండు మాటలు చదవడం, పిల్లలంతా "మూడూ!" అని అరవడం. మూడంటే మూడో జవాబు. అది ఏమిటో వాళ్ళకు అక్కర్లేదు.

"ప్రశ్న పూర్తిగా చదివితే మీ సొమ్మేం పోయింది మాస్టారూ?" అని అడిగాను ఒకసారి.

"ఒక్కో బిట్టుకి నిమిషం కూడా ఉండదు మేడమ్ గారూ. వీడు వాక్యం చివరిదాకా చదివేలోపు వీడి సీటు ఇంకోడు పట్టుకుపోతాడు," అన్నాడాయన చాలా బాధగా.

ఒకసారి కడుపు మండి వారం పరీక్షలో జవాబుల వరస మార్చేశాను. ప్రశ్నలు అవే, జవాబులు అవే, అంకెలే మారాయి. బీ సెక్షన్ పిల్లలు తడుముకోకుండా పాత అంకెలే పెట్టేసి వచ్చారు. పైగా పేపర్లో అచ్చుతప్పులున్నాయని నా మీదే కంప్లైంటు ఇచ్చారు. హవ్వ!

బీ సెక్షన్‌కి బసవయ్య గారు క్లాస్ టీచరు, ఏ సెక్షన్‌కి నేను. బుధవారం ఆఖరి పీరియడ్ క్లాస్ టీచర్ ఇష్టం. ఆయన బిట్లు చెప్పించేవాడు, నేను వర్క్‌షీట్లు ఇచ్చేదాన్ని. బొమ్మలు నేనే గీసి, బెంజ్ సర్కిల్ దగ్గర జెరాక్స్ తీయించి తెచ్చేదాన్ని. రొయ్యలు, చేపలు బజారు నుంచి వచ్చేవి. బొద్దింకలకు మా వంటిల్లే దిక్కు. మా ఆయన ఇష్తియాక్‌కి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఉద్యోగం. డ్యూటీ నుంచి రాగానే నా చేతిలో హార్లిక్స్ సీసా చూసి తల పట్టుకునేవాడు.

"అందరిళ్ళలో ఆడాళ్ళు బొద్దింకను చూస్తే కెవ్వుమంటారు. నువ్వు సీసా మూత వెతుకుతావేంటి, యా అల్లా!" అనేవాడు. అంటూనే చెప్పు తీసుకుని పట్టడానికి సాయం వచ్చేవాడు.

అర్ధ సంవత్సరం పరీక్షల్లో మా ఏ సెక్షన్ బాగా వెనకబడింది. ప్రిన్సిపాల్ కృపానందం గారు నన్నూ బసవయ్య గారినీ పిలిచారు. ఆయన మెత్తటి మనిషి. చెడ్డ మాట చెప్పాలంటే ముందు టీ తెప్పిస్తారు. ఆ రోజు టీతో పాటు బిస్కెట్లు కూడా వచ్చాయి.

"పేరెంట్స్ అడుగుతున్నారు మేడమ్. మావాడికి కాలేజీలో రొయ్యలు చూపించడమేంటండీ, మాకు కైకలూరులో రొయ్యల చెరువులే ఉన్నాయి కదా అంటున్నారు. ఆ బుధవారం పీరియడ్ కూడా బసవయ్య గారికి ఇచ్చేద్దామా అని..."

"ఆ ఒక్కటి తీసుకోకండి సార్," అన్నాను. "వారమంతా నేను టేప్ రికార్డర్నే. ఆ ఒక్క గంటే టీచర్ని. అది కూడా పోతే వీళ్ళు డాక్టర్లయ్యేదాకా ఒక్క ప్రాణిని కళ్ళతో చూడరు."

కృపానందం గారు బిస్కెట్ టీలో ముంచి ఆలోచనలో పడ్డారు. బిస్కెట్ విరిగి టీలో పడిపోయింది. అప్పుడు తీర్పు చెప్పారు. ఆదివారం పేరెంట్స్ మీటింగులో ఏకీ బీకీ క్విజ్. రెండు సబ్జెక్టులూ కలిపి కొన్ని ప్రశ్నలు బసవయ్య గారివి, కొన్ని నావి. ఏ గెలిస్తే పీరియడ్ నాది, బీ గెలిస్తే ఆయనది. ముందు గంట కొట్టినవాళ్ళకు జవాబు చెప్పే అవకాశం. తప్పు చెబితే ఒక మార్కు కోత, ప్రశ్న అవతలి వాళ్ళకు వెళుతుంది.

"కోత లేకపోతే గుళ్ళో గంటల్లా మోగించేస్తారు," అన్నారాయన.

టీముకు ముగ్గురు. మా సెక్షన్ ఫస్టు సిద్ధార్థ, సెకండు తబస్సుం. థర్డు వాడికి కామెర్లు. మిగతావాళ్ళెవరూ ముందుకు రాలేదు. చివరకు సుస్మితను లాక్కొచ్చాను. కంకిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. ఏ పరీక్షలోనూ ఆఖరి పేజీ దాకా వెళ్ళేది కాదు. ఎందుకమ్మా ఇంత నిదానం అని ఒకసారి గట్టిగా కేకలేశాను.

"చదివితే కదండీ ఏం అడిగారో తెలిసేది," అంది భయంగా.

ఆ పిల్లను ముద్దుపెట్టుకోవాలనిపించింది. కానీ మార్కులు చూసి ఇంకో రెండు చీవాట్లు పెట్టి పంపాను.

ఆదివారం హాలు నిండిపోయింది. పంచెలు, ప్యాంట్లు, పట్టుచీరలు, బురఖాలు. టేబుల్ మీద రెండు కాలింగ్ బెల్లులు పెట్టారు. మొదట బసవయ్య గారి వంతు.

"వానపాములో క్లైటెల్లం..."

టింగ్! "పద్నాలుగు, పదిహేను, పదహారు!"

హాలు దద్దరిల్లింది. చప్పట్లే చప్పట్లు. మొత్తం అలాగే సాగింది. ఆయన నోరు తెరవడం, బీ సెక్షన్ గంట కొట్టడం. ఆయన ఒక్క ప్రశ్న కూడా పూర్తిగా చదివిన పాపాన పోలేదు. ఆయన వంతు అయ్యేసరికి బీకి నాలుగు, మాకు ఒకటి. బుధవారం ఆఖరి పీరియడ్ కళ్ళ ముందే చేజారిపోతోంది.

నా వంతు వచ్చింది. కాగితం తీసి, కావాలనే నిదానంగా మొదలుపెట్టాను.

"బొద్దింక గుండెలో గదులు..."

టింగ్! "పదమూడు!" అంది బీ.

"తప్పు. ప్రశ్న పూర్తికాలేదు. బొద్దింక గుండెలో గదులు కనబడాలంటే దాన్ని ఏ వైపు నుంచి కోయాలి?"

బీ సెక్షన్ ముఖాలు మాడిపోయాయి. నేను గర్వంగా మావాళ్ళ వైపు తిరిగాను. సిద్ధార్థ తడబాటులో "మూడు!" అన్నాడు. కప్ప గుండె గదులు చెప్పేశాడు, వెధవ! ఉన్న ఒక్క మార్కూ పోయింది.

"వీపు వైపు నుంచి," అన్నాను పళ్ళు నూరుతూ. "తర్వాతి ప్రశ్న. మందార పువ్వులో కేసరాల..."

టింగ్! ఈసారి గంట మాదే. "ఏకబంధకం!" అంది తబస్సుం మెరిసిపోతూ.

"మందార పువ్వులో కేసరాల గొట్టం లోపలి నుంచి ఏం వెళుతుంది?"

తబస్సుం గుడ్లు తేలేసింది. బీ వాళ్ళు ఏదో ఒకటి చెప్పాలని "ద్విబంధకం" అన్నారు. జవాబు కీలమని నేనే చెప్పుకున్నాను. మేం సున్నా కిందకు పోయాం, వాళ్ళు రెండుకు దిగారు. ముందు వరసలో ఒక పెద్దాయన పక్కవాణ్ణి అడుగుతున్నాడు.

"ఇదేం క్విజ్జండీ బాబూ, మార్కులు రావడం మానేసి పోతున్నాయేంటి?"

బీ పిల్లలంటే సరే, వాళ్ళ అలవాటది. బుధవారం బుధవారం నా ఎదురుగా కూర్చుని చేపలు, రొయ్యలు చూసిన పిల్లలు కూడా ఇంతేనా! నాకు ఏడుపు వచ్చినంత పనైంది. కోపం కూడా వచ్చిందనుకోండి.

"మనిషి కపాల నాడుల్లో..." అన్నాను.

టింగ్! "పన్నెండు జతలు!" బీ.

"తప్పు. మనిషి కపాల నాడుల్లో ఏది దెబ్బతింటే వాసన తెలియదు?"

సిద్ధార్థ నోరు తెరవబోయాడు. అప్పుడు సుస్మిత గంట తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది, ఇంకో చేత్తో వాడి మోచేయి గిల్లింది.

"మొదటిదండీ. ఘ్రాణ నాడి," అంది.

మేం సున్నాకు ఎక్కాం. బీకి ఒకటి. మిగిలింది ఒకే ప్రశ్న. నేను టేబుల్ మీద ట్రే పెట్టి గుడ్డ తీశాను. ముందు రోజు సాయంత్రం మా వంటింట్లో దొరికిన బొద్దింక, చచ్చి బిగుసుకుని ఉంది.

"ట్రేలో ఉన్న ఈ బొద్దింకకు కాళ్ళె..."

టింగ్! "ఆరు!" అని బీ అరిచింది. గంట వాళ్ళదైనా, ఆగలేక సిద్ధార్థా తబస్సుం కూడా "ఆరు!" అనేశారు. హాల్లో సగంమంది తల్లిదండ్రులు కూడా అనేశారు.

"తప్పు. ఏ సెక్షన్ చెప్పాలి."

"ఆరు కాకపోతే ఇంకెన్నుంటాయి మేడమ్?" అన్నాడు సిద్ధార్థ దిక్కుతోచక.

సుస్మిత గంట వాడి చేతికిచ్చి లేచింది. ట్రే దగ్గరకు వచ్చి వంగింది. ఇటు నుంచి చూసింది, అటు నుంచి చూసింది.

"దీనికి ఐదే ఉన్నాయండీ. వెనక కాలొకటి ఊడిపోయింది."

"కరెక్ట్!" అని అరిచాను. నా గొంతు బెంజ్ సర్కిల్ దాకా వినబడి ఉంటుంది.

"ఒప్పుకోను!" బసవయ్య గారు లేచారు. "బొద్దింకకు మూడు జతల కాళ్ళు. పుస్తకంలో ఉంది, కావాలంటే పేజీ చెప్తాను."

"పుస్తకంలో బొద్దింక సంగతి కాదండీ నేనడిగింది. ట్రేలో దాని సంగతి."

కృపానందం గారు కళ్ళజోడు సవరించుకుని వచ్చి, పెన్సిల్ కొసతో లెక్కపెట్టారు. నమ్మకం కలగక మళ్ళీ లెక్కపెట్టారు. ఈలోగా తల్లిదండ్రులంతా ట్రే చుట్టూ మూగారు.

"ఆ ఆరోది ఎటు పోయిందమ్మా?" అని అడిగాడు ముందు వరస పెద్దాయన.

"మా ఆయన చెప్పు కిందకి పోయిందండీ," అన్నాను.

హాలంతా గొల్లుమంది. కృపానందం గారు చెయ్యి ఎత్తారు.

"ఎంసెట్‌లో అడిగితే ఆరే పెట్టండి. ఇక్కడ మాత్రం ఐదు. ఏకి ఒకటి, బీకి సున్నా. బుధవారం పీరియడ్ మెహరాజ్ మేడమ్‌దే."

బసవయ్య గారు అందరూ వెళ్ళాక ఒక్కరే ట్రే దగ్గరకు వచ్చి చాలాసేపు చూశారు. "మంచి ప్రశ్నండీ," అన్నారు మనస్ఫూర్తిగా. నా కాగితం అడిగి తీసుకున్నారు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా అప్పుడే కరిగిపోయింది. అనవసరంగా ఈ మనిషిని ఇన్నాళ్ళు ఆడిపోసుకున్నానే అనుకున్నాను.

బుధవారం వచ్చింది. కొత్త బొద్దింకను క్లోరోఫారం ఇచ్చి ట్రేలో పెట్టి, మీద గుడ్డ కప్పుకుని, పెళ్ళికూతుర్ని తీసుకొచ్చినట్టు క్లాసుకు తెచ్చాను. గుడ్డ తీసి ఇంకా పూర్తిగా పక్కన పెట్టలేదు.

"ట్రేలో ఉన్న ఈ..."

"నాలుగూ!" అంది క్లాసంతా ఒక్క గొంతుతో.

నాకు అర్థం కాలేదు. "నాలుగు కాళ్ళా?"

"నాలుగో జవాబండీ," అన్నాడు సిద్ధార్థ తలెత్తకుండా. "బసవయ్య సార్ కొత్త బిట్టు ఇచ్చారు. ట్రేలో ఉన్న బొద్దింకకు కాళ్ళెన్ని? ఒకటి, ఆరు. రెండు, ఐదు. మూడు, ఎనిమిది. నాలుగు, చూసి చెప్పాలి. కీ నాలుగండీ."

ఓరి నాయనోయ్! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చూసి చెప్పాలి అని బట్టీ పట్టారు. అంతమందిలో ఒక్కడూ తలెత్తలేదు. ఒకడు ఆ జవాబు పక్కన టిక్కు కూడా పెట్టుకుంటున్నాడు. ఈ పీరియడ్ కోసమా నేను ప్రిన్సిపాల్‌ని అంతగా బతిమాలుకుంది! కోపం నషాళానికి అంటింది. అందర్నీ లేపి నాలుగు దులుపుదామని నోరు తెరిచాను.

సుస్మిత అప్పటికే లేచి ట్రే దగ్గరకు వచ్చింది. వంగింది. ఇటు నుంచి చూసింది, అటు నుంచి చూసింది.

"మేడమ్," అంది మెల్లగా. "ట్రేలో ఏం లేదండీ."

చూశాను. నిజమే, ట్రే ఖాళీ. క్లోరోఫారం చాలలేదు.

తబస్సుం కెవ్వుమని బెంచీ ఎక్కింది. దాని వెనకే క్లాసంతా బెంచీలెక్కింది. పుస్తకాలు కింద పడ్డాయి, బిట్ బ్యాంకులు కింద పడ్డాయి. అందరూ గోడలు చూశారు, నేల చూశారు, చొక్కా కాలర్లు చూసుకున్నారు, పక్కవాళ్ళ జడలు చూశారు.

గోల విని బసవయ్య గారు పరిగెత్తుకొచ్చారు.

"ఏంటి మేడమ్ గారూ ఇది? ఏం చేస్తున్నారు వీళ్ళంతా?"

"వర్క్‌షీటండీ," అన్నాను. "కదలకండి మాస్టారూ, మీ భుజం మీదుంది."