కనకమ్మ చూసిన పాలపిట్ట

దసరా పొద్దున్న ఖరగ్‌పూర్ రైల్వే గుమాస్తా యజ్ఞనారాయణ తన కెమెరాకి కొన్న కొత్త పొడుగు లెన్సును పరీక్షిద్దామని మైదానానికెళ్లాడు. దూరంగా టెలిగ్రాఫ్ తీగ మీద పాలపిట్ట! సరిగ్గా మీట నొక్కబోతుంటే పక్కింటి ముసలావిడ కనకమ్మ వచ్చింది.

"పండగనాడు పిట్టని సూడాలి నాయినా. నా కళ్లకి ఆనడం నేదు."

"ఇందులోంచి సూడు మామ్మా," అన్నాడు విసుగ్గా.

"అమ్మో, రెక్కల నీలం కూడా అగుపిస్తంది!"

ఆ కేకకి పిట్ట బెదరలేదు గానీ మైదానం పక్క వీధంతా కదిలింది. దశమినాడు ఆ పిట్ట కనిపిస్తే బెంగాలీలకూ శుభమే. "నీల్‌కంఠో!" అంటూ దాదాలు, దీదీలు కూడా వరస కట్టారు. అందరూ చూశాకే పిట్ట తీరిగ్గా ఎగిరిపోయింది.

ఇంటికొస్తే భార్య లలితాంబ అడిగింది. "ఫొటోలు ఎన్ని తీసినారు?"

"ఒక్కటీ తియ్యనేదు."

"మరి లెన్సు మంచిదో కాదో ఎలాగ తెలుస్తాది?"

యజ్ఞనారాయణ పకపకా నవ్వాడు.

"కనకమ్మ మామ్మనడుగు."