ఎనీవేకి ముందున్న మాట

ఉతికిన బట్టలు మంచం మీద పోసుకుని ఆమె మడతలు పెడుతోంది. పక్కనే బోర్లా పడుకున్న కూతురు కాళ్లూపుతూ అడిగింది.

"అమ్మా, ఎనీవే అంటే ఏంటి? సొంత వాక్యంలో వాడమంది టీచర్."

"ఏదేమైనా అని" అంది ఆమె. అనేసి, చేతిలోని చొక్కా అలాగే పట్టుకుని ఉండిపోయింది.

నిఘంటువులో అర్థం అదే కావచ్చు. ఈ ఇంట్లో మాత్రం, నువ్వు చెప్పింది విన్నాను ఇక చాలు, అని అర్థం. పెళ్లయినప్పటినుంచీ ఆయన ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అల్లుడు బంగారమని పుట్టింటివాళ్లు ఊరికే మురిసిపోరు. ఆమె ఏదైనా చెప్పుకోబోతే ఓపిగ్గా తలాడిస్తాడు, "ఎనీవే..." అంటాడు. అంతే, ఆ సంగతి మళ్లీ ఎత్తడానికి ఆమెకే మొహం చెల్లదు.

మొన్న చలికాలంలో ఐదో నెల కడుపు పోయినప్పుడు, ఆసుపత్రిలో ఆయన ఆమె చేయి పట్టుకునే కూర్చున్నాడు. ఆయన కళ్లూ తడిశాయి, అబద్ధమెందుకు? ఇంటికొచ్చాక అత్తగారు, "అయిందేదో అయింది, పిల్లకి తెలియనివ్వకు" అన్నారు. ఇంకొన్నాళ్లాగి పిల్లకి చెబుదామని దాచిన కడుపు సంగతి అలా దాచినచోటే ఉండిపోయింది. రెండు రోజులకు ఆమెకు పాలు పడ్డాయి. తాగేవాడు లేడన్న కబురు ఒంటికి ఎవరూ చెప్పలేదు కాబోలు. జాకెట్టు తడిసిపోయి, రొమ్ములు రాళ్లు కట్టి సలుపుతుంటే, "ఏమండీ, పాలొస్తున్నాయి" అంది. ఆయన ఓపిగ్గా తలాడించాడు.

"డాక్టరు మాత్రలిచ్చిందిగా, తగ్గిపోతుందిలే. ఎనీవే, రేపు మా పెద్ద సార్ వస్తున్నాడు. నా నీలం చొక్కా ఇస్త్రీ చేశావా?"

ఛాతీకి తువ్వాలు బిగించి కట్టుకుని చేసింది.

"వాక్యం వచ్చేసింది!" కూతురు లేచి కూర్చుంది. అప్పుడే ఇంట్లోకొచ్చి గుమ్మం దగ్గర బూట్లు విప్పుతున్న తండ్రికి వినపడేలా గట్టిగా చెప్పింది. "అమ్మ బాత్‌రూమ్‌లో ఏడ్చింది. ఎనీవే, మేం అన్నం తినేశాం. కరెక్టేనా నాన్నా?"

"సూపర్!" అని నవ్వబోయి, ఆగిపోయాడాయన.

"నేనేడవడం నువ్వెప్పుడు చూశావే?"

"చూళ్లేదు. విన్నా. నువ్వు కుళాయి తిప్పుతావుగా, అయినా వినిపిస్తుంది."

ఏడుపు విని కూడా ఏమిటని అడక్కుండా అన్నం తినడం, ఇంత పసిదానికి ఎంత బాగా అలవాటైపోయింది!

"కాస్త టీ పెడతావా?" అన్నాడాయన, మాట మారుస్తూ.

"మీరు పెట్టుకోండి." బట్టలన్నీ పక్కకు నెట్టి చోటు చేసింది. "ఇలా రా తల్లీ. ఎందుకేడ్చానో చెప్తాను."

"ఇప్పుడవన్నీ ఎందుకు? చిన్నపిల్ల..."

"చిన్నపిల్లే. అందుకే నేను చెప్పాలి."

ఆయన ఒంటికాలి బూటుతో అలాగే నిలబడిపోయాడు.

"నీకో తమ్ముడు పుట్టాల్సిందమ్మా" అని మొదలుపెట్టింది ఆమె.