శిథిలానికి మరమ్మతు

పగులు కనబడితే పూడ్చకుండా ఉండలేడు దస్తగిరి. టీ కప్పు అంచు ఊడినా అతికించేదాకా నిద్రపోడు. అందుకే అతని భార్య పర్వీన్, అరబ్బు దేశం వచ్చి వాళ్ళుంటున్న ఉమ్ ఘువైలినా పేట ఫ్లాట్‌లో పగిలిన సామాన్లను దొంగసొత్తులా దాచి, అతను డ్యూటీకి వెళ్ళాక పారేస్తుంది. కంపెనీ అతనికి జీతమిచ్చేదీ ఆ గుణానికే. ఫ్యాక్టరీలో సిమెంటుతో పోతపోసిన స్తంభాలు విల్లాలకు చేరేలోపు లారీ కుదుపులకు ఎక్కడో ఒకచోట దెబ్బతింటాయి. వాటిని అతుకు తెలియకుండా సరిచేసి నిలబెట్టడం ఫోర్‌మన్ దస్తగిరి పని.

అలాంటివాడికి ముఐథర్‌లో ఒక విల్లా తోటలో పాడుబడ్డ గుడి కట్టే పని తగిలింది.

ఇంటి యజమాని ముసలాయన. ఎప్పుడో జోర్డాన్ వెళ్ళి రోమన్ల కాలపు గుడి చూసొచ్చాడట. కప్పు పోయింది, దేవుడూ పోయాడు, స్తంభాలు మాత్రం మిగిలాయి. అచ్చం అలాంటిదే తోటలో కావాలన్నాడు. ఇంజనీరు ఉమైర్ ఆ ఫొటో దస్తగిరి ఫోనుకు పంపి, "గిట్లనే ఉండాలె" అని ఒక్క ముక్క చెప్పి లుసైల్ సైటుకు పోయాడు. దస్తగిరి ఫొటోలో నిలబడ్డ స్తంభాలు లెక్కపెట్టుకున్నాడు, వాటి మధ్య ఎడం చూసుకున్నాడు, ఫోను జేబులో పెట్టాడు. పాడుబడ్డ గుడంటే అతని దృష్టిలో కప్పు లేని గుడి, అంతే.

లారీలో చివరి స్తంభం రెండు ముక్కలై వచ్చింది.

"ఆ లారీవోడు మళ్ళీ ఇరగ్గొట్టినాడు" అన్నాడు దస్తగిరి.

"బావా, కావాలనే ఇట్ల చేసినారేమో" అన్నాడు షఫీ. పర్వీన్ తమ్ముడు, కొత్తగా వచ్చాడు. లుసైల్‌లో గాజు పలక జారవిడిచిన రోజు, ఇంకొక్క తప్పు దొరికితే ఇంటికి పంపిస్తానని ఉమైర్ చెప్పేశాడు. ఇప్పుడు బావ పూచీ మీద నడుస్తున్నాడు.

"ఇరిగిన స్తంభాన్ని ఎవరన్నా కావాలని చేయించుకుంటారా? పని తప్పించుకునేదానికి కతలు చెప్పొద్దు. ఎత్తు."

లోపల గుల్ల కాబట్టి పెద్ద బరువు లేదు. కింది ముక్కను నిలబెట్టి, ఆ మొండెం మీద పై ముక్కను గొలుసుతో ఎత్తి కూర్చోబెట్టి, గమ్ పట్టించి, పైన సిమెంటు పూశారు. షఫీ ఎండలో గరుకు కాగితం పట్టుకుని దాన్ని రుద్దుతూనే ఉన్నాడు. చివరికి అతుకెక్కడుందో దస్తగిరికే దొరకలేదు.

"బాగా చేసినావురా" అన్నాడు. బామ్మర్దిని మెచ్చుకోవడం అదే మొదలు. షఫీ ఆ మాటను వెంటనే అక్కకు ఫోన్ చేసి చెప్పుకున్నాడు.

పని చూడ్డానికి ముసలాయన ఉమైర్‌తో కలిసి వచ్చాడు. ఏదో పారేసుకున్నవాడిలా నేల చూసుకుంటూ స్తంభాల మధ్య తిరిగాడు. చివరి స్తంభం దగ్గర ఆగి దాన్ని కింది నుంచి పైదాకా చూశాడు. తర్వాత ఫోను తీసి, అదే ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి దస్తగిరికి చూపించాడు.

ఒక మూలగా, విరిగిన మొండెం పక్కన గడ్డిలో, దాని పై ముక్క పడి ఉంది. దాని మీద నల్ల అబాయాలో ఒకామె కూర్చుని చెప్పులో రాయి దులుపుకుంటోంది.

"నా భార్య" అన్నాడు ముసలాయన, వచ్చీరాని హిందీలో. "ఇక్కడ కూర్చుంది. ఇప్పుడు లేదు."

అరిచినా బాగుండేది. అరుపులు దస్తగిరికి అలవాటే. ఆయన అతుకున్న చోటే అరచేత్తో నిమిరి, పని మాత్రం శుభ్రంగా ఉందని కూడా అని, లోపలికి వెళ్ళిపోయాడు.

ఉమైర్ ఆయన తలుపు వేసుకునేదాకా ఆగాడు.

"ఎవడు జేసిండు దీన్ని?"

షఫీ బావ వైపు చూశాడు. 'నేనే చేయమన్నా సార్' అన్న మాట దస్తగిరి నాలుక మీదికి వచ్చింది. దాని వెనకే పర్వీన్ వీసా, పాప బడి, ఫ్లాటు అన్నీ తన ఉద్యోగానికే వేలాడుతున్నాయన్న సంగతీ వచ్చింది. వెనకొచ్చిందే ముందుకు తోసుకుపోయింది.

"పిల్లోడు సార్. కొత్త. తెలీక చేసినాడు."

బతిమాలే గొంతుతోనే అన్నాడు. అది బతిమాలడమేనని ఆ క్షణంలో నమ్మాడు కూడా.

ఉమైర్ తలూపాడు. "ముందే చెప్పిన గద. ఆఫీసోళ్ళు వానికి ఇంటి టికెట్ జేస్తరు. ఈ లోపట దీన్ని కింద పండబెట్టుండ్రి. యల్లా, కానియ్యుండ్రి."

కారు వెళ్ళిపోయింది. షఫీ నిచ్చెన తెచ్చి స్తంభం పైభాగానికి తాడు కట్టాడు, ముడి బిగించి చూసుకున్నాడు, దిగాడు. దస్తగిరి అతుకున్న చోట సుత్తితో కొట్టాడు. కదల్లేదు. ఇంకోటి కొట్టాడు. పొడి రాలింది గాని అతుకు విడలేదు. అంత బాగా కుదిరింది పని.

"అక్కకు నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?" అడిగాడు షఫీ తాడు చివర నిలబడి.

"నేనే చెప్తాలే."

"ఏమని?"

దస్తగిరి సుత్తి ఎత్తాడు.

"తాడు గట్టిగా పట్టుకో" అన్నాడు.