బట్టీలవాడ బండ

మురికి ఎత్తనీకి ఎన్నడూ రాని మున్సిపాలిటీ ట్రాక్టరు, ఆ పొద్దు బండను ఎత్తుకపోనీకి బట్టీలవాడకు వచ్చింది.

పేరుకే వాడ. వెనకట ఇటుక బట్టీలకు మన్ను తవ్విన గుంత అది. ఊరు పెరిగి పట్నమైంది. మీది కాలనీల మురికంతా పల్లం చూసుకొని ఈ గుంతలకే దిగుతుంది. వానొస్తే పొయ్యిలో కట్టెలు తేలుతాయి. ఎండొస్తే దోమలు లేస్తాయి.

ట్రాక్టరు డబ్బాలో గడ్డపార పట్టుకొని నిలబడ్డ మనిషి ఓదెలు. మున్సిపాలిటీలో సఫాయి పనోడు. పర్మినెంటు కాదు, ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాల్సిన కాంట్రాక్టు నౌకరి. మీసం నల్లగున్ననాటి సంది పట్నం మురికి ఎత్తుతున్నాడు. తనుండే వాడ మురికి ఎత్తమని మాత్రం ఒక్కనాడూ ఎవ్వరూ చెప్పలేదు. డ్రైవరు పక్కన కూసున్నది జవాను కట్టయ్య. సఫాయి పనోళ్ల మీద అజమాయిషీ ఆయనదే.

నల్లా కాడ ఆడోళ్లు గుమిగూడి ఉన్నారు. నడుమ నున్నటి నల్లబండ. దాని మీద చీర జాడించి కొడుతున్నది ఓదెలు పెండ్లాం లచ్చవ్వ.

"జరుగవ్వా, బండ తీస్కపోవాలె," అన్నాడు కట్టయ్య.

లచ్చవ్వ చెయ్యి ఆపలేదు. "ఏ బండ?"

"నువ్వు ఉతుకుతున్న బండనే. అది సర్కారు ఆస్తి."

"మరి గీ మోరీ నీళ్లు ఎవని ఆస్తి? గవి గూడ ఎక్కించుకపో సారూ, పుణ్యముంటది."

ఆడోళ్లు గొల్లున నవ్వారు. కట్టయ్య మొహం మాడింది. "ఓదెలూ! నీ పెండ్లానికి చెప్పురా."

"ఇంట్ల చెప్తెనే ఇనదు, నల్లా కాడ ఇంటదా సారూ," అన్నాడు ఓదెలు. నవ్వుతూనే అన్నాడు గానీ డబ్బాలోంచి దిగలేదు. బండ ఎక్కడికి పోతున్నదో వాడలో అతనొక్కనికే ఎరుక.

పొద్దున ఆఫీసు ముంగట జగపతిరావే స్వయంగా చెప్పాడు. జగపతిరావు భార్య పుష్ప వార్డు కౌన్సిలర్. గెలిచింది ఆమె, ఏలేది ఆయన. కాలువల కాంట్రాక్టు ఆయన బామ్మర్దిది. "పగటీలికి హైదరాబాదు నుంచి కాలువ పని చూడనీకి అధికారులు వస్తున్నరు. బట్టీలవాడ బండను పట్కపోయి బస్టాండు ఎనక పాత మోరీ మొగదల నాటున్రి. ఆ మోరీకి సున్నం ఏపిచ్చిన" అన్నాడు. అర్థం చేసుకోనీకి ఓదెలుకు చదువు అవసరం పడలేదు. తవ్వని కాలువకు బిల్లు లేపుకున్నారు. ఇప్పుడు చూపెట్టనీకి ఒక కాలువ కావాలె, అదే ఇదని నమ్మించనీకి బండ కావాలె. "నోరు జారిందనుకో, రేపటి సంది చీపురు పట్టే కష్టం నీకుండది," అని నవ్వి భుజం కూడా తట్టాడు జగపతిరావు.

ఎలక్షన్ల ముంగట వాడ మొగదల గద్దె కట్టి నిలబెట్టిన బండ అది. పరద గుంజారు, ఫోటోలు దిగారు, లడ్డూలు పంచారు. అందరి చూపూ లడ్డూల మీదుండె, బండ మీది రాత ఎవరు చదివారు? వారం తిరగకముందే పైపులేయనొచ్చిన జేసీబీ తగిలి గద్దె కూలింది, బండ బురదలో పడ్డది. నున్నటి బండ, పారేసుకుంటమా అని ఆడోళ్లే తాళ్లేసి గుంజుకొచ్చి నల్లా కాడ వేసుకున్నారు, పేర్లున్న మొకం కిందికి పెట్టి. "పెద్దమనుషుల పేర్ల మీద విడిచిన బట్టలు ఉతుకుడు బాగుండదు," అన్నది లచ్చవ్వే. ఆ మర్యాదే వాడ కొంప ముంచింది. బండ మీద రోడ్డని రాసి ఉందో, పార్కని రాసి ఉందో ఎవ్వరికీ పట్టకుండా పోయింది.

ఓదెలు కదలకపోయేసరికి కట్టయ్యే గడ్డపార గుంజుకున్నాడు. డ్రైవర్ని సాయం పిలిచి, గడ్డపార మొన బండ కింద దూర్చి ఎత్తాడు. బండ ఒక్క ఊపున తిరగబడి వెల్లకిల పడ్డది. మీదంతా సబ్బు మడ్డి, నాచు.

బిందె పట్టుకొని నిలబడ్డ హరిత ఆ నీళ్లు బండ మీద గుమ్మరించింది. హమాలీ ప్రభుదాస్ పెద్దబిడ్డ ఆమె, డిగ్రీ చదువుతున్నది. అక్షరాలు తేలినై. గట్టిగా చదివింది.

"బట్టీలవాడ మురుగు కాలువ నిర్మాణానికి శంకుస్థాపన. అంచనా విలువ నలభై లక్షలు."



"కాలువనా? మనకా?" ఎవరో ముసలామె అడిగింది, కాళ్ల కింద పారుతున్న నల్లటి నీళ్లు చూసుకుంట.

ప్రభుదాస్ గుడిసెలోంచి బయటికొచ్చాడు. రోజూ రైలెక్కి కేసముద్రం మార్కెట్‌కు పోయి బస్తాలు మోసే మనిషి. ఆ రోజు యార్డు బందు. బండ ముందట గొంతుకూసుండి అక్షరాల మీద చెయ్యి పెట్టాడు.

"పోయిన వానల్ల నా చిన్నబిడ్డ జ్వరంతోని పాయె," అన్నాడు. "నీళ్లల్లకు ఆటో రానంటే మంచం మీద మోసుకపోయినం. దవాఖాన చేరకముందే పూజ కండ్లు తేలేసింది. దాని సమాధి మీద బండ పెట్టనీకి నాకు తాకతు లేకపాయె. పుట్టని కాలువకేమో గింత సక్కని బండ." తల ఎత్తాడు. "ఓదెలన్నా, ఆ మంచం ఒక కోడు పట్టుకున్నది నువ్వే. చెప్పు. గీ బండను యాడికి పట్కపోతున్నరు?"

అందరి చూపూ ఓదెలు మీద పడ్డది. లచ్చవ్వ చేతిలో చీర నీళ్లు కారుతున్నది.

అప్పుడే తెల్ల కారు వచ్చి, మోకాలి లోతు బురద చూసి, వాడ మొగదల్నే ఆగింది. జగపతిరావు దిగి, తెల్ల చెప్పులకు మడ్డి అంటకుండా ఒక రాయి మీద నిలబడ్డాడు.

"ఏందమ్మా లొల్లి? బండ కడిగి, రంగులేసి మళ్ల మీకాడనే పెడ్తం. ఓదెలూ, ఎక్కియ్యి."

ఓదెలు కదలలేదు.

"నిన్నే. నౌకరి ఉండాల్నా వద్దా?"

ఓదెలుకు నౌకరి అంటే ఇంట్లో బియ్యం. లచ్చవ్వ మోకాళ్ల నొప్పుల మాత్రలు. ఇంకేం పని వచ్చు తనకు? ముసలితనం మీదికొచ్చింది. కానీ మంచం కోడు బరువు భుజం మీద ఇంకా అట్లనే ఉన్నది. ఆ రోజు పూజ చెయ్యి కిందికి జారి అతని చెవికి తగిలింది. వేడి వేడి చెయ్యి.

ట్రాక్టరు డబ్బాలోంచి దిగాడు. జగపతిరావు దిక్కు కాదు, వాడ దిక్కు తిరిగాడు.

"బస్టాండు ఎనక పాత మోరీ కాడ నాటనీకి," అన్నాడు. "దానికి సున్నమేసిండ్రు. ఇయ్యాల పెద్ద సార్లు వస్తున్నరు. ఇదే బట్టీలవాడ కాలువ అని చూపెడ్తరు. మన కాలువ పైసలు ఎప్పుడో తిన్నరు. నాకు పొద్దున్నే ఎరుక. భయపడి నోరు మూసుకున్న."

"వారీ, తాగొచ్చినవా!" జగపతిరావు గొంతు చీలింది.

"తాగలే సారూ. ఇన్నేండ్లు మీ మురికి ఎత్తిన. గీ మురికి నేను ఎత్త."

లచ్చవ్వ పోయి బండ మీద కూసున్నది. హరిత పక్కన కూసున్నది. చెప్పాల్సిన పని లేకుండా ఒక్కొక్కరు వచ్చి చుట్టూ కూసున్నారు. జగపతిరావు ఫోను చెవికి పెట్టాడు. మురికి గురించి ఎన్ని ఫోన్లు చేసినా పలకని సర్కారు, బండ గురించి చేసిన ఒక్క ఫోనుకు జీపేసుకొని ఉరికొచ్చింది.

ఎస్సై దిగుతూనే అడిగాడు. "ప్రభుత్వ ఆస్తి మీద బట్టలుతికి పాడుచేసింది ఎవరు?"

"నేనే సారూ," అన్నది లచ్చవ్వ.

"నేను గూడ ఉతికిన," అన్నది హరిత.

"నా మనుమని బొంతలన్ని గీడనే ఉతికిన. రాసుకో," అన్నది ముసలామె. ఇంకొకామె, ఇంకొకామె. ఎస్సై ఒక్క జీపును చూసుకున్నాడు, అంతమంది ఆడోళ్లను చూసుకున్నాడు. ఆఖరుకు ఓదెలు రెక్క పట్టాడు. "డ్యూటీకి అడ్డం తిరిగింది వీడు. ఎక్కున్రా."

లచ్చవ్వ లేచింది. ఓదెలు తల అడ్డంగా ఊపాడు. "నా కోసం రాకు. బండను ఇడువకు."

జీపు వాడ మలుపు తిరుగుతుంటే వెనక అద్దంలోంచి చూశాడు. ప్రభుదాస్, వాడ హమాలీలు భుజాల మీద గోనెసంచులు మడతపెట్టి వేసుకుంటున్నారు. బండ కిందికి వంగుతున్నారు. బస్తాలకు అలవాటు పడ్డ భుజాలవి. బండ లేచింది. దాని ముందట బకెట్లు పట్టుకొని ఆడోళ్లు నడుస్తున్నారు.

స్టేషన్‌ను, మున్సిపల్ ఆఫీసును ఒక్క గోడే వేరు చేస్తుంది. ఓదెలును బెంచీ మీద కూసోబెట్టారు. కాగితం ముందట పెట్టి ఎస్సై మెత్తగా మాట్లాడాడు. "తాగి ఒర్లిన అని ఏలిముద్ర ఎయ్యి. జగపతిరావు సారు మంచోడు. నౌకరి ఉంటది, ఇంటికి పోతవు."

ఓదెలు రెండు చేతులూ చంకల్లో దోపుకున్నాడు.

గోడ అవతల జనం నడిచొస్తున్న అలజడి. బరువైనదేదో మెట్ల మీద దించిన చప్పుడు. "జరుగున్రి, పెద్ద సార్ల కారు వస్తున్నది" అని ఎవరో కేక. "రానియ్యి, మంచిగ చదువుకుంటరు" అని హరిత గొంతు. ఆ వెనక,

ధబ్.

తడి బట్ట బండ మీద పడ్డ చప్పుడు. ఓదెలు నడుము నిటారైంది. ఆ చెయ్యి ఎవరిదో అతనికెరుక. ఈసారి పేర్లున్న మొకం మీదికే ఉన్నదని కూడా ఎరుక.

ధబ్. ధబ్.

కాసేపటికి ఇంకో దిక్కు నుంచి జనం అరుపులు. ఇంకేదో బరువు దించారు. ఇంకో చప్పుడు మొదలైంది. ఇది వేరే బండ, వేరే చేతులు. ఎస్సై కిటికీ కాడికి పోయి చూశాడు.

"ఇదేందిరా? మీ వాడోళ్లను చూసి చెరువుకట్ట కాలనీవోళ్లు గూడ వాళ్ల బండ మోసుకొచ్చిండ్రు! దాని మీద పార్కు అని ఉన్నది." వెనక్కి తిరిగాడు. "అసలు గీ పట్నంల ఇసుంటి బండలు ఎన్నున్నయిరా?"

"మాకేమెరుక సార్," అన్నాడు ఓదెలు. "పెట్టినోళ్లను అడుగున్రి."

గోడ అవతల మూడో బండ దిగింది.