రఘుపతి సారు మనిషి

రఘుపతి సారుకు సన్మానమట! ఆ ముచ్చట నా చెవులవడ్డప్పుడు నేను మస్కట్ అవుతల సమాయిల్ల కూలోళ్ల క్యాంపు వంటింట్ల ఉల్లిగడ్డలు కోత్తున్న. కత్తి చేతిల ఉన్నది, ఆయన ఎదురుంగ లేడు. ఆయన అదృష్టం బాగున్నది.

"కాబూల్ వీరులకు ఘన సన్మానం" అని ఫోన్ల పోస్టరచ్చింది. మస్కట్ల, బౌషర్ కాడ ఫంక్షన్ హాలు, శుక్రారం సాయంత్రం. నడిమిట్ల రఘుపతి ఫోటో, రెండు చేతులు జోడిచ్చి, పెండ్లిపిల్లగాని తీరు నవ్వుకుంట. కింద మూలకు అగ్గిపెట్టె బొమ్మంత నేను, నా పక్కపొంటి ఖాదర్. ఫౌజు ఎల్లిపోయేటప్పుడు ఆ ఫౌజుకు పనిజేసినోళ్లను పాణాలకు తెగించి కాపాడిండట. ఎవరు? రఘుపతి! థూ, వీని బతుకు జెడ.

అసలు సంగతి జెప్త, ఇనుండ్రి. నేను భూమయ్యను. మాది జగిత్యాల దిక్కు. కాబూల్ల పరదేశపోళ్ల ఫౌజు క్యాంపుల వంట జేసేటోన్ని. ఖాదర్ కడపాయన, మెస్సు బండి నడిపేటోడు. మా ఇద్దరి మీద సూపర్వైజరు ఈ రఘుపతి. యాసిర్ కాబూలోడే, ఫౌజుకు దుబాసి. వాళ్ల మాట ఊరోళ్లకు, ఊరోళ్ల మాట వాళ్లకు జెప్పుడు ఆయన డ్యూటీ. పొద్దున మెస్సుకచ్చి, నా పొయ్యి కాడ గూసోని చాయ్ తాగుకుంట హిందీల ముచ్చట వెట్టేటోడు. చాయ్‌ల చక్కెర ఎక్కువేత్తె "భాయ్, నన్ను పెండ్లికి పిలిచినవా?" అనేటోడు.

ఇరవై ఒకటిల ఫౌజు మూటాముల్లె సదురుకున్నది. తాలిబన్లు పట్నంలకు అచ్చిండ్రు. దుబాసి అంటే వాళ్లకు దుష్మన్ కన్నా ఎక్కువ. దొరికితే సంపుడే. యాసిర్‌ను తోలుకపోతమని మాటిచ్చిన ఫౌజోళ్లేమో ఇయ్యాల రేపు అనుకుంటనే ఇమానాలెక్కిండ్రు.

మా కంపెనీ మమ్ముల ఎయిర్‌పోర్టుకు తోల్తానికి బస్సు వెట్టింది. యాసిర్ ఉరుక్కుంటచ్చి మా ఎన్క ఎక్కిండు. రఘుపతి జూసిండు. కాలర్ వట్టి కిందికి గుంజిండు. "వీడుంటే గేటు కాడ మనల్ని గూడ ఆపుతరు. నా కాంట్రాక్టు మట్టిల కల్తది" అన్నడు. యాసిర్ ఆయన కాళ్లు వట్టుకున్నడు. ఆ కాళ్లు ఇడిపిచ్చుకోని, బస్సెక్కి, తలుపు ఏపిచ్చిండు. నేను నా కండ్లతోని జూసిన. గిది రఘుపతి జేసిన కాపాడుడు!

నేను, ఖాదర్ ఆ బస్సు దిగినం. మమ్ముల ఎవ్వరు అడగలే, ఎవ్వరు పంపలే. ఎయిర్‌పోర్టు గేటు కాడ ఇంక కావలున్న ఫౌజోళ్లకు మధ్యాహ్నం బువ్వ మా మెస్సు నుంచే పోవాలె. పోరు నడిచినా, ఫౌజు పారిపోయినా, ఆకలైతె ఆగది గదా. పప్పు, అన్నం వండి బండ్ల వెట్టినం. యాసిర్‌కు నా మెస్సు బట్టలు తొడిగి, నెత్తికి టోపీ, మూతికి మాస్కు ఏసినం. కరోన దినాలు, అందరి మొకాలు మూసుకునే ఉన్నయి. కాగుతున్న పప్పు గంజు ఆయన ఒళ్లె వెట్టినం.

గేటు కాడ మెస్సోళ్లను పేరడిగే రివాజు లేదు. ఎవని మనిషివి అనే అడుగుతరు. సూపర్వైజరు పేరు జెప్తె బండి పోతది, అంతే. ఆనాడు గూడ ఫౌజాయన తుపాకి తోని యాసిర్ దిక్కు జూపి అడిగిండు. నేను గొంతు సవరిచ్చుకోని "రఘుపతి సారు మనిషి" అన్న. చెయ్యి ఊపిండు. బండి లోపటికి పోయింది. గంజు దించినంక జూత్తె యాసిర్ తొడలు బొబ్బలెక్కి ఉన్నయి. కిక్కురుమనలే మనిషి.

ఇంకో దుబాసి ఉన్నడు, ఆయన్ను గూడ తెత్తనని ఖాదర్ బండి మలిపిండు. నేను అద్దన్న. ఇంటడా! గేటు అవుతల జనం తొక్కులాటల పడ్డడు, మోకాలు నుజ్జయింది. ఆ రెండో మనిషి మల్ల కనవడలే. ఇప్పటికి ఖాదర్ కర్ర లేంది నడవలేడు. సమాయిల్ల బకాలా, అంటె కిరాణం దుకాణం, కౌంటర్ మీద గూసోని బ్రెడ్లు, సబ్బులు అమ్ముతడు.

మాతోనే ఇమానమెక్కి యాసిర్ గల్ఫుల పడ్డడు గని ఆ మాటిచ్చిన దేశపోళ్ల నుంచి జవాబే రాలే. ఖాదరే తెలిసినోళ్లను వట్టి సమాయిల్ల కర్జూర తోటకు వీసా తీపిచ్చిండు. కలం వట్టినోడు చెట్లెక్కుడు నేర్సిండు. మొన్న తోట ఆసామి, ముసలి అర్బాబ్ సచ్చిపోయిండు. కొడుకులు తోట అమ్మేసిండ్రు, యాసిర్‌కు ఇంకోకాడ పనికి పోనిచ్చే రిలీజు కాయితమైతె ఇచ్చిండ్రు. ఈ నెలాఖరుకు వీసా కతం. అప్పటిదాంక కొత్త కంపెనీ దొరక్కపోతె కాబూల్ ఇమానమే. ఆ పాస్‌పోర్టు జూసి ఎవ్వడు ముందటికి రాలే. నేను తిరగని ఆఫీసు లేదు.

గట్లాంటప్పుడు రఘుపతి ఫోన్ జేసిండు. ఆయనిప్పుడు మస్కట్ల క్లీనింగ్ కంపెనీకి ఓనరు. తెలుగోళ్ల సంఘానికి అధ్యక్షుడు గావాలని ఒకటే ఉబలాటం. బౌషర్ల ఆయన ఆఫీసుకు పోయిన. ఏసీ గదిల, టీవీల వార్తలు సదివెటోని లెక్క మాట్లాడవట్టిండు.

"కూర్చో భూమయ్యా. ఎన్నేళ్లయింది!"

"నిలవడ్త సారు. నీ బస్సు దిగినప్పటి సంది నిలవడుడు అలవాటైంది."

మొకం మాడింది గని నవ్వు ఇడవలే. "పాతవి తవ్వుకోకు. శుక్రవారం స్టేజీ మీద ఒక్క మాట చెప్పు. ఆ బండి నేనే పంపించానని. యాసిర్‌తో నాకు శాలువా కప్పిద్దాం. ఫంక్షన్ అయ్యాక అతని వీసా నా కంపెనీలోకి మార్చుకుంటా. దరఖాస్తు కూడా పెట్టించేశాను. నా ఫోన్‌లో ఓకే నొక్కడమే మిగిలింది."

"ఇప్పుడే నొక్కు, నీ పేరు మీద బుర్రకథ జెప్త."

"ముందు స్టేజీ."

"మాట తప్పితె?"

"నా మీద నమ్మకం లేదా?"

"సుక్కంత గూడ లేదు."

కుర్చీల ఎన్కకు వాలి నవ్విండు. "నీకు వేరే దారి కూడా లేదు కదయ్యా." నిజమే.

రూముకు పోయి ఖాదర్‌కు, యాసిర్‌కు జెప్పిన. ఖాదర్ కర్రను గోడకేసి కొట్టిండు. "ఆ నా కొడుకును పొగడతావా నువ్వు? నా కాలు పోయింది వాని ఫోటో కోసమా? స్టేజీ ఎక్కి నిజం చెప్పు. వాని మొగం మింద చెప్పు. లేదంటే నా చెప్పు నీ మిందనే పడతాది, రాసి పెట్టుకో."

"నిజం జెప్తె యాసిర్ వీసా నువ్విత్తవా?" అన్న.

"అల్లా ఇస్తాడు!"

"నెలాఖరు లోపట ఇయ్యమను."

యాసిర్ మా ఇద్దరి మొకాలు జూసిండు. "నేను కప్పుతా శాలువా. కాళ్లు పట్టుకున్నోనికి శాలువా ఓ లెక్కనా భాయ్?" అన్నడు. ఖాదర్ ఆయన మీద గూడ ఎగిరిండు. "సస్తే సస్తావు, సిగ్గు లేదంట్రా నీకు?"

నాకు తిక్క లేసింది. "సచ్చేది నువ్వు గాదు గదరా ఖాదర్! పారేసిన సిగ్గును మల్ల ఎప్పుడన్న ఏరుకోవచ్చు." ఆ మాటతోని ఖాదర్ శుక్రారం దాంక నాతోని మాట్లాడలే. బకాలాకు పోయి టమాటలడిగితె గూడ చేతికియ్యలే, బల్ల మీద పడేసిండు.

హాలు నిండింది. లైట్లు, పూలదండలు, పిల్లల డ్యాన్సులు. శ్రీవాణి అని ఒక మేడమ్ మైకు వట్టుకోని నడిపిత్తున్నది, ప్రతి మాటకు "గట్టిగా చప్పట్లు!" అంటది. ముందట వరుసల యాసిర్, ఆయన పక్కన ఖాదర్, మొకం గంటు వెట్టుకోని. స్టేజీ మీద రఘుపతి, కొత్త సూటు, సెంటు వాసన నా దాంక.

మన ఫంక్షన్లల్ల ఒక రివాజున్నది, మీకు ఎర్కే. మైకుల ఎవన్నన్న మస్తు పొగడాలె. పొగడంగ పొగడంగ వాడు ఉబ్బి, గుడికింత ఇత్తున్న, బడికింత ఇత్తున్న అని ప్రకటన జేత్తడు. ఒక్కసారి మైకుల పడ్డదా, ఇగ ఎన్కకు తీసుకునుడు ఉండది. తీసుకున్నడా, జిందగీల మల్ల స్టేజీ ఎక్కలేడు. ఆ వారమంత ఉల్లిగడ్డలు కోసుకుంట నేను ఆలోచన జేసింది గిదే. ఖాదర్‌కు గూడ జెప్పలే. జెప్పుకుందామంటె మాట్లాడితేనాయె.

శ్రీవాణి మేడమ్ నన్ను పిలిసింది. మైకు వట్టుకున్న.

"అన్నలకు అక్కలకు దండం. ఆనాడు కాబూల్ గేటు కాడ ఫౌజాయన తుపాకి వట్టి యాసిర్‌ను జూపిచ్చి, ఎవని మనిషి అని అడిగిండు. నేనొక్కటే మాటన్న. రఘుపతి సారు మనిషి అన్న! గేటు తెరిసిండు. సారు పేరే యాసిర్ పాణం నిలవెట్టింది."

అబద్ధం ఒక్కటన్న ఉన్నదా అండ్ల? హాలంత చప్పట్లు. రఘుపతి కండ్లు మూసుకోని తలకాయ ఊపవట్టిండు. ఖాదర్ నన్ను జూసిన సూపుకు గడ్డి గూడ కాలిపోతది.

"గంతేనా?" అన్న నేను. "యాసిర్ వీసా ఈ నెలతోని అయిపోతున్నది. పోతె సంపుతరు. సారు ఊకుంటడా? మొన్న నన్ను ఆఫీసుకు పిలిసి, యాసిర్‌ను నా కంపెనీలకు తీసుకుంట, దరఖాస్తు గూడ వెట్టిన, స్టేజీ మీదనే ఫోన్ల ఓకే నొక్కుత అన్నడు. గట్లాంటి దేవుడు మన సారు! నొక్కుండ్రి సారు, అందరు జూడాలె!"

హాలు దద్దరిల్లింది. రఘుపతి కండ్లు తెరిసిండు. నవ్వు మూతికి అంటుకోనే ఉన్నది గని కండ్లల్ల నన్ను నమిలి ఊశిండు. మైకు గుంజుకోని "తప్పకుండా, తప్పకుండా. ఫంక్షన్ అయ్యాక ప్రశాంతంగా..." అనవట్టిండు.

ఫంక్షన్ అయినంక అంటె ఎన్నటికి గాదు.

అప్పుడు ఖాదర్ లేసిండు. కర్ర టకటక కొట్టుకుంట స్టేజీ మెట్ల కాడికి అచ్చిండు. కిందికి వంగి చెప్పు మీద చెయ్యేసిండు. అయ్యో, మునిగినం అనుకున్న! యాసిర్ కుర్చీల నుంచి సగం లేసిండు. ఖాదర్ చెప్పులు ఇడిసి పక్కకు వెట్టి, ఉత్త కాళ్లతోని మెట్లెక్కిండు. పళ్లెంల శాలువా తీసుకోని మైకు ముందటికి అచ్చిండు.

"నేను కడప ఖాదర్. ఈ కాలు కాబూల్‌లోనే పోయింది. సారుకు శాలువా నేను కప్పుతా. కానీ మా కడపలో ఒక అలవాటు ఉండాది. మాట ఇచ్చినోనికి కప్పం, పని చేసినోనికి కప్పుతాం. సారు ఫోన్ తీయండి. నొక్కినాక కప్పుతా. అంతసేపు ఈ కుంటికాలు మింద ఇట్నే నిలబడుకోనుంటా."

కడపల గసొంటి అలవాటు ఏది లేదు. నాకెర్కే. అప్పటికప్పుడు పుట్టిచ్చిండు నా దోస్తు!

శ్రీవాణి మేడమ్‌కు పాపం ఏం సమజయింది, "ఎంత గొప్ప సంప్రదాయం! గట్టిగా చప్పట్లు!" అన్నది. అందరి ఫోన్లు పైకి లేసినయి, వీడియోలు తియ్యవట్టిండ్రు. రఘుపతి ఇటు జూసిండు, అటు జూసిండు. జేబుల చెయ్యి వెట్టి ఫోన్ తీసిండు. నొక్కిండు. కింద యాసిర్ తన ఫోన్ జూసుకున్నడు, మెసేజ్ అచ్చినట్టున్నది. నా దిక్కు జూసి తలకాయ ఊపిండు. ఆ మొకం నేను జిందగీల మర్సిపోను.

ఖాదర్ శాలువా కప్పిండు. అంచులు రెండు మెడ కాడ వట్టి గట్టిగ బిగిచ్చిండు, రఘుపతికి దగ్గు అచ్చింది. ఫోటోలు మస్తుగచ్చినయి.

బయట కార్ల కాడ రఘుపతి నన్ను దొరకవట్టిండు. శాలువా ఇంకా మెడలనే ఉన్నది. "నాతోనే ఆటలా? గుర్తు పెట్టుకో. రేపటి నుంచి వాడు నా చేతి కింద పనివాడు."

"కాబూల్ల గూడ తలుపు కాడ నువ్వే నిలవడ్డవు సారు. నిన్ను దాటుకోనే పోయినం. ఇయ్యాల గూడ గంతే. పనిల వాని మీద చెయ్యి వడ్డదా, ఆ బస్సు ముచ్చట నేను మైకు లేకుంటనే జెప్త" అన్న. రఘుపతి కారెక్కి తలుపు దడేల్న ఏసుకున్నడు. తలుపు ఏసుకునుడైతె బాగ అచ్చు ఆయనకు.

హాలు ఎన్క నల్లా కాడ ఖాదర్ చేతులు కడుగుతున్నడు. సబ్బు వెట్టి ఒకసారి, మల్లొకసారి. యాసిర్ ఆయన కర్ర వట్టుకోని నిలవడ్డడు. నేను పోయి పక్కకు నిలవడ్డ.

"నాతో మాట్లాడొద్దు" అన్నడు ఖాదర్. "వాని మెడ ముట్టుకున్నా ఈ చేతుల్తో."

"నేను వాన్ని దేవుడన్నరా. నా నాలుక ఏం వెట్టి కడుగాలె?"

యాసిర్ ఫోన్ల ఆ మెసేజ్ మల్లొక్కసారి సదువుకోని జేబుల ఏసుకున్నడు.

"భాయ్, ఆ రోజు గేటు దగ్గర నువ్వు చెప్పింది అబద్ధం" అన్నడు మెల్లగ. "రేపటి నుంచి నేను నిజంగనే రఘుపతి సారు మనిషిని."

"బతికున్నవు గదరా" అన్న. ఖాదర్ మల్ల నల్లా తిప్పి, సబ్బు నా చేతిల వెట్టిండు.