ముప్పయ్యొక్క అగ్గిపెట్టెలు

“అగ్గిపెట్టెల్తో ఆడుకునే వయసా ఏంది నీది?” అన్నాడు మా ఆయన పురుషోత్తమన్, నేను పెట్టెలు అతికించిన రోజున. ఖాళీ అగ్గిపెట్టెలు ముప్పయ్యొకటి, తేదీకొకటి. ఆఫీసులో ఏ తేదీన తియ్యాల్సిన ఫైలు ఆ తేదీ గూట్లో పెడతాం. ఇంట్లోనూ అలా చేస్తే ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుందనుకున్నాను. అత్త మోకాళ్లకి తైలం, రేషన్ కిరసనాయిలు, ఆయన ప్యాంటుకి గుండీ. పనికో చీటీ. పనయ్యాక చీటీ మూల మడిచి వంటింటి తీగకి గుచ్చుతాను. చీటీలు తెలుగులో రాసేదాన్ని. నాది యానాం. తరాలుగా ఈ అరవ ఊళ్లో, ముదలియార్‌పేటలో ఉన్న వీళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. ఆ ఇంట్లో నాదంటూ మిగిలింది ఆ అక్షరాలే.

ఒక్క చీటీ ఎప్పుడూ తీగకెక్కలేదు. ‘యానాం ఆఫీసుకి బదిలీ అర్జీ.’ ఇరవైనాలుగో తేదీ పెట్టెలోంచి తీస్తాను, అంతలో అత్త పిలుస్తుంది, వచ్చే నెలకని మళ్లీ అందులోనే పెట్టేస్తాను. పద్నాలుగు నెలలు. అంచులు చీకిపోయి గుడ్డపీలికలా అయింది. ఇక వాయిదా లేదు. ఎనభై ఒకటి మార్చి ఇరవయ్యారు దాటితే యానాంలో ఉన్న ఒక్క ఖాళీ ఇంకొకరిది.

ఆ వారంలోనే ఆఫీసు పనిమీద మూడు రోజులు కారైకాల్ పంపారు. ఆయనకి రెండుసార్లు చెప్పాను. పేపరు వెనకనించి “ఊఁ” అన్నాడు. అత్తకి చెప్తే, “పప్పు నానేసినావా?” అంది.

ఇరవయ్యైదు సాయంత్రం తిరిగొచ్చాను. చెప్పులింకా విప్పలేదు.

“యాడికి పోయినావు, సంచి యెత్తుకోని?” అంది అత్త.

“కారైకాల్నించి వస్తున్నా కదత్తా. మూడు రోజులైంది.”

“పైత్యమా నీకు? ఇంతసేపూ ఈడనేగా ఇడ్లీకి రుబ్బతా వుండినావు!”

రుబ్బురోలు తడిగానే ఉంది. తీగకి మూడు రోజుల చీటీలు, అన్నిటికీ ఎడమ మూల మడిచి, నేను మడిచినట్టే. ప్యాంటు గుండీకి నేను వేసే అడ్డకుట్టు. పెరట్లో తాడు మీద నా ఆకుపచ్చ చీర ఆరుతోంది. సంచి తెరిచాను. అదే చీర లోపలా ఉంది. కొంగు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ రెండింటికీ ఒక్కచోటే.

అన్నాల దగ్గర ఆయన మురిసిపోయాడు. “ఈ మూడు నాళ్లూ బలే వుండినావు కుమారీ. ఎదురుమాటే లేదు. అట్లే వుండు.”

“రసంలో మటుకు ఉప్పు జాస్తి,” అంది అత్త.

నా చోట మసలిన ఆవిడ మీద వాళ్లకున్న ఫిర్యాదు అదొక్కటే. నాకు భయం వెయ్యాలి. కానీ ముందు సిగ్గేసింది. పదకొండేళ్ల కాపురంలో వీళ్లు చూసింది నా చేతుల్నే అన్నమాట. వాటి వెనక మనిషి లేకపోతే ఇల్లింకా హాయిగా నడిచింది. ఎవరావిడ? ఎక్కడ పడుకుంది? నా తలగడ మీద తల ఆనిన గుంట ఉంది, తాకితే చల్లగా. ఏమైనా తిందా? గూట్లోంచి నా కంచం తీశాను. మూడు రోజుల దుమ్ము. చీటీలో ఉన్నదే చేసింది మరి. నువ్వు తిను అని నేను ఏ చీటీలోనూ రాయలేదు, ఎన్నడూ. ఇరవైనాలుగో పెట్టె లాగి చూశాను. అర్జీ చీటీ అలాగే ఉంది. ఆవిడ ముట్టనిది అదొక్కటే.

తెల్లారాక అర్జీ రాసి సంచిలో పెట్టుకున్నాను. ఉత్తర్వు వచ్చేదాకా రెడ్డియార్‌పాళయంలో, మా ఆఫీసు అంబుజం ఇంట్లో ఉంటాను. అగ్గిపెట్టెలన్నీ ఖాళీ చేసి చీటీలు పొయ్యిలో వేశాను. ఇరవయ్యారో పెట్టెలో మాత్రం కొత్తదొకటి రాసి పెట్టాను.

గుమ్మం దిగుతుంటే అత్త గొంతు వినిపించింది. “కుమారీ, కాపీ యాడ?”

“తెస్తున్నానత్తా,” అని వంటింట్లోంచి నా గొంతే పలికింది. తర్వాత అగ్గిపెట్టె అర లాగిన చప్పుడు.

నేను రాసింది ఆ ఇంట్లో చదవగలిగేది ఆవిడొక్కతే: ‘ముందు అన్నం తిను. తర్వాత నువ్వూ వచ్చెయ్.’