జయమణి శాలువా మీద మరక

ఆదివారం పొద్దున జయమణి నాంపల్లి స్టేషన్ వెనక తన కిరాయి గదికి తాళం వేసి, ఆబిడ్స్ చర్చికి నడిచిపోయేది. చర్చివాళ్ల మిషన్ బళ్లో కుట్టుపని నేర్పే ఒంటరి మనిషి. వారమంతా ఆమెతో మాట్లాడేది కుట్టుమిషనే. చర్చిలో పాట ఎత్తుకున్నప్పుడే తన గొంతు తనకు వినబడేది.

దారిలో మగవాళ్ల చూపులు ఎప్పటిలాగే బట్టలకు అంటుకునేవి. ఆశపడ్డ చూపైతే నేరేడుపండు రంగు మరక. వానాకాలం బురదలాగే అదీ ఒకటి. మరక ఉన్న ఆడవాళ్లు రొట్టె తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి రాకుండా వరండాలో కూర్చోవాలని సంఘం కట్టడి. తలుపు దగ్గర నిలబడి చూసేది సంఘపెద్ద సుందర్‌రాజ్ గారు. భార్య పోయి ఆరేళ్లయింది ఆయనకు.

రవికె చేతులు ముంజేతిదాకా కుట్టుకోమన్నారాయన, ఆమె మరకతో వచ్చిన మొదటి నెల. కుట్టుకుంది. రెండో నెల మెడదాకా. మూడో నెల, మే ఎండలో, కొత్త శాలువా కప్పుకుని పరదా కట్టిన టాంగాలో వచ్చింది. మెట్ల దగ్గర దిగినప్పుడు లేని మరక, తలుపు చేరేసరికి భుజం మీద ఉంది. మళ్లీ వరండానే. ఇంకోసారి ఇట్లాగే వస్తే సంఘంలోంచి పేరు కొట్టేస్తామన్నారు. పేరు పోతే బళ్లో కొలువు పోతుంది, పాటా పోతుంది.

చాకలి సమ్మక్క శాలువా మూడుసార్లు ఉతికి తెచ్చి ముందర పడేసింది.

"నాతోని గాదు బిడ్డా. ఎవని మరక వాడే ఉతకాలె. మీ చర్చిల మగోళ్లకు తలా ఒక సబ్బుబిళ్ల పంచుమను" అని నవ్వింది.

జయమణికి నవ్వు రాలేదు. శనివారం మధ్యాహ్నం శాలువా, సబ్బు తీసుకుని సుందర్‌రాజ్ గారింటికి పోయి బల్లమీద పెట్టింది.

"అయ్యా, నేను పరదాలో వచ్చిన. మెట్ల నుంచి తలుపుదాకా మీరొక్కరే ఉన్నరు."

ఆయన శాలువా, సబ్బు తీసుకుని వీధి నల్లా దగ్గర గొంతుక్కూర్చున్నారు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు వాటిని దించి చూస్తూ నిలబడ్డారు. ఆయన చెయ్యి తగలగానే మరక నీళ్లలో కరిగి మోరీలోకి పోయింది.

"కన్ను నాదమ్మా" అన్నారు తలెత్తకుండా. "నువ్వెంత కప్పుకున్నా అది నాదే."

మర్నాడు జయమణి శాలువా లేకుండా, తన పాత పొట్టిచేతుల రవికెతో నడిచి వచ్చింది. దారిలో రెండు మరకలు పడ్డాయి. తలుపు దగ్గర ఎవరూ లేరు. సుందర్‌రాజ్ గారు వరండాలో ఆడవాళ్ల బెంచీ మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. మరక చేసినవాళ్లే బయట ఉండాలని పాస్టరుగారితో చెప్పి వచ్చారట.

లోపల ఆమె కూర్చోగానే పక్కవాళ్లు కొంచెం జరిగారు. బల్ల దగ్గర ఆమె మోకాళ్లూనితే పాస్టరుగారి చెయ్యి ఒక్క క్షణం ఆగి, రొట్టె అరచేతిలో పెట్టింది.

చిన్న ముక్క. అది మింగడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.